కందిపప్పు జాతకం

మా ధరల విభాగం ప్రత్యేకాధికారి ఆకెళ్ళ విశ్వపతిగారు ఒక శుక్రవారం పొద్దున ఊరి బయట తోటలో కొబ్బరికాయ పదకొండు రూపాయలకు అమ్మడం చూశారు. ఆ సాయంత్రమే గుడి ముందు అలాంటి కాయనే ఇరవయ్యైదుకి కొన్నారు. మధ్యలో పద్నాలుగు రూపాయలు ఏమయ్యాయని సోమవారం ఆఫీసులో ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. ఎవరం చెప్పలేకపోయాం. పట్టపగలు ఇంత సొమ్ము మాయమవుతుంటే మేం టీ తాగుతూ కూర్చున్నామని ఆయన చాలా బాధపడ్డారు. ఆ బాధ ఉత్తరమై రాజధానికి వెళ్ళి, మూడు నెలల తరవాత ఉత్తర్వై తిరిగొచ్చింది.

ఉత్తర్వు ప్రకారం, దుకాణంలో అమ్మే ప్రతి సరుకు మీదా దాని ధర ఎలా పుట్టి ఎలా పెరిగిందో తెలిపే కాగితం అంటించాలి. దానికి 'ధర పుట్టుపూర్వోత్తరాల పత్రం' అని పేరు పెట్టారు. జనానికి నోరు తిరగక 'జాతకం' అన్నారు. ఆఫీసులో మేమూ అలాగే అనేవాళ్ళం, విశ్వపతిగారు లేనప్పుడు. నేను అక్కడ జూనియర్ అసిస్టెంటుని. జాతకాలు చాలామటుకు నా చేత్తోనే రాశాను కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పగలను.

ముందుగా మా గంటలపేటలో ఒక్క దుకాణంలో ప్రయోగం చేసి చూడమన్నారు. పది రోజులు శాస్త్రీయంగా సర్వే చేసి పొట్నూరు సన్యాసిశెట్టిగారి కిరాణా కొట్టును ఎంపిక చేశాం. విశ్వపతిగారి కుర్చీలోంచి కిటికీ గుండా కనిపించే కొట్టు అదొక్కటే.

శెట్టిగారికి యాభై ఆరేళ్ళు. సన్నటి మనిషి, మాట మెత్తన. తూకం సరిపోయాక కూడా గుప్పెట్లో మిగిలిన నాలుగు గింజలు పొట్లంలోనే వేసేస్తారు. ఆయనా ఆయన భార్య కనకమాలక్ష్మిగారూ ఇరవయ్యారేళ్ళుగా ఆ కొట్టు నడుపుతున్నారు. నమూనా దుకాణమని మేం బోర్డు కట్టిన రోజున శెట్టిగారు బోర్డుకి పసుపు కుంకుమ పెట్టి, మాకు బెల్లం ముక్కలు పంచారు.

మొదటి జాతకం చిన్నదే. కొన్న ధర, అమ్మే ధర, రెంటికీ మధ్య తేడా, అంతే. కందిపప్పు కిలో నూట నలభై ఆరుకి కొని నూట అరవైకి అమ్ముతున్నారు. తేడా పద్నాలుగు. ఉప్పు మీద రూపాయి. అగ్గిపెట్టె రెండు రూపాయలు, దాని మీద ముప్ఫై పైసలు. ఉన్నదున్నట్టు రాసి అంటించాను.

మర్నాడు పొద్దున్నే మొదటి బేరం పైడమ్మది. రైల్వే గేటు దగ్గర మిరపకాయ బజ్జీలు వేస్తుంది. పదిహేనేళ్ళుగా నూనే శనగపిండీ ఆ కొట్లోనే కొంటోంది. ఆమెకు చదువు రాదు. గోడకున్న కాగితాలేమిటని అడిగితే నేనే చదివి వినిపించాను. విని, శెట్టిగారి వైపు తిరిగి, "కిలోకి పద్నాలుగు రూపాయలు మింగేస్తన్నావేటి శెట్టిబాబూ" అంది. తిట్టినట్టు కూడా అనలేదు. తెలిసినవాడు తాగుడికి అలవాటుపడ్డాడని విన్నట్టు అంది.

మధ్యాహ్నానికి ఊరంతా అదే మాట. స్కూలు మాస్టార్లు వచ్చి జాతకాలు నోటు పుస్తకంలో ఎక్కించుకున్నారు. పద్నాలుగు నూట నలభై ఆరులో ఎంత శాతమో లెక్క కట్టించి, ఆ లెక్కను ఎనిమిదో తరగతికి పరీక్షలో ఇచ్చారు. పెళ్ళిళ్ళకు సరుకు పట్టుకెళ్ళే పెద్దమనుషులు వచ్చి కొన్న ధరకే ఇమ్మన్నారు. తేడా లేకపోతే కొట్టెలా నడుస్తుందని శెట్టిగారు అడిగితే, అది మీ సొంత విషయమన్నారు.

వారం తిరిగేసరికి ఒక వింత మొదలైంది. శెట్టిగారి దగ్గర జనం ఉప్పూ పంచదారా, అంటే తేడా తక్కువున్నవే కొంటున్నారు. పప్పులకి మాత్రం సందు చివర కొత్త దుకాణానికి పోతున్నారు. అక్కడ కందిపప్పు నూట అరవయ్యారు. ఆరు రూపాయలు ఎక్కువిచ్చి ఎందుకు కొంటున్నారని ఒకాయన్ని నేనే అడిగాను. అక్కడైతే ఎంత తింటున్నాడో కనపడదు, మనసుకు హాయిగా ఉంటుందన్నాడు.

విశ్వపతిగారికి ఈ సంగతి చెప్పాను. ఆయన కిటికీలోంచి ఖాళీ కొట్టు వైపు సంతృప్తిగా చూసి, వినియోగదారుల్లో చైతన్యం ఆశించిన స్థాయిని మించిందని ఫైల్లో రాయమన్నారు.

శెట్టిగారు అర్జీ పట్టుకొచ్చారు. తేడా అంతా లాభం కాదని, అందులో ఖర్చులుంటాయని, జాతకం చూసి జనం తనను దొంగలా చూస్తున్నారని అందులో రాసుకున్నారు. ఇరవయ్యారేళ్ళలో ఎవరూ తన త్రాసు వంక అనుమానంగా చూడలేదనీ, నిన్న ఒక చిన్నపిల్ల వచ్చి త్రాసు కింద వేలు పెట్టి తడిమి చూసిందనీ చెప్పారు.

విశ్వపతిగారు అర్జీ చదివి చాలా సంతోషించారు. "తేడా అనే సమష్టి భావనను మీరే విచ్ఛిన్నం చేయమని కోరుతున్నారు. విభాగం కోరుకునేదీ అదే" అన్నారు.

శెట్టిగారికి అర్థం కాక నా వైపు చూశారు. పద్నాలుగు రూపాయలు పద్నాలుగు రకాలుగా విడగొట్టి రాయాలన్నమాట అని నేను చెప్పాను.

నాలుగు రోజులు కొట్లో కూర్చుని విడగొట్టాం. కొట్టు అద్దె, కరెంటు, లారీ కిరాయి, మూట దింపే కూలి, కాగితం, పురికొస, వినాయకచవితి చందా, అప్పు తీసుకుని ఊరు వదిలి వెళ్ళినవాళ్ళు. అన్నిటికీ ఆధారాలు పెట్టాలి. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళ దగ్గర, 'మేం ఊరు వదిలి వెళ్ళాం' అని సంతకం తెమ్మన్నారు విశ్వపతిగారు. అది దొరక్క ఆ పద్దు కొట్టేశారు.

ఎలుకల దగ్గర పెద్ద చిక్కొచ్చింది. కిలోకి పదకొండు పైసల సరుకు ఎలుకలు తింటాయని శెట్టిగారు రాయించారు. దీనికి పశువైద్యుడి ధ్రువపత్రం కావాలన్నారు విశ్వపతిగారు. పశువైద్యుడు కాగితం చూసి, పెంపుడు ఎలుకలైతే తన పరిధిలోకి వస్తాయి, కాకపోతే రావని తిప్పి పంపాడు. ఎలుకలు యజమాని సమ్మతితో ఉంటున్నాయా లేక అక్రమంగా ప్రవేశించాయా అని మేం శెట్టిగారికి నోటీసిచ్చాం. అక్రమమంటే ఖాళీ చేయించలేదని తప్పు పడుతుంది, సమ్మతి అంటే అద్దె వసూలు చేయాలి. రెండు రోజులు ఆలోచించి, అవి తన తండ్రిగారి కాలం నుంచీ ఉంటున్నాయని రాసిచ్చారాయన. ఆ జవాబు మా విభాగం నోరు మూయించింది. పదకొండు పైసలూ మంజూరయ్యాయి.

ఆఖర్న 'ఇతరములు నలభై పైసలు' అని ఉంది. ఇతరములంటే ఏమిటని విశ్వపతిగారు నిలదీశారు. శెట్టిగారు నేల చూపులు చూశారు. నేనూ నేలే చూశాను. పారదర్శకతలో ఇతరములు అనే చీకటిగదికి తావు లేదని ఆయన పట్టుబట్టారు. అప్పుడు శెట్టిగారు, మన్నించాలంటూనే, మా ఆఫీసుకు నెలకు మూడు కిలోల పంచదారా కిలో టీపొడీ వెళ్తున్నాయని చెప్పారు.

విశ్వపతిగారు కళ్ళు మూసుకుని, తెరిచి, "సంస్థాగత సుహృద్భావ వ్యయం, అని రాయండి" అన్నారు. కాసేపాగి, ఈ నెలలో తనిఖీలు ఎక్కువున్నాయి కాబట్టి నలభై పైసలు వాస్తవానికి తక్కువగా ఉందని, అరవై చేయమని సవరించారు.

ఇలా రెండో జాతకం తయారైంది. ఇది మామూలు కాగితం మీద రాస్తే చెల్లదు. జిల్లా స్టోర్సు నుంచి ముద్ర ఉన్న కాగితమే కొనాలి. ఒక్కోటి రూపాయి డెబ్బై అయిదు పైసలు. రెండు రూపాయల అగ్గిపెట్టెకి కాగితం ఖర్చు కలిపితే మూడు డెబ్బై అయిదైంది. ధర మారింది కాబట్టి ఎందుకు మారిందో జాతకంలో రాయాలి. రాస్తే కాగితం చాలలేదు. పెద్ద సైజు కాగితం రెండున్నర. దాంతో ధర మళ్ళీ మారింది. ఆ మార్పు రాయడానికి కింద ఇంకో ముక్క అతికించాల్సొచ్చింది. అయిదుంపావలా దగ్గర చోటు అయిపోయి ఆగాం. అగ్గిపెట్టెను జాతకంలో చుట్టి పెడితే చిన్న పసిబిడ్డలా ఉండేది. ఒకాయన కొనుక్కెళ్ళి, ఆ కాగితంతో వారం రోజులు పొయ్యి అంటించానని, అగ్గిపుల్లలు మిగిలే ఉన్నాయని వచ్చి చెప్పాడు. మా పథకాన్ని మెచ్చుకున్నది ఆయనొక్కడే.

శెట్టిగారు ఇంకో అర్జీ ఇచ్చారు. అచ్చు వేసే ప్రెస్సువాడు జాతకం కాగితాన్ని స్టోర్సుకి నలభై పైసలకు ఇస్తున్నట్టు తనకు తెలిసిందనీ, తన దగ్గర రూపాయి డెబ్బై అయిదు తీసుకుంటున్నారనీ, మధ్యలో ఉన్న రూపాయి ముప్ఫై అయిదు పైసల జాతకం కూడా దయచేసి ఇప్పించమనీ అడిగారు.

"ప్రభుత్వం తేడా తీసుకోదు. అది సర్వీసు చార్జి" అని విశ్వపతిగారు చెప్పి పంపించారు.

ఆ తరవాతి బుధవారం ఆయనే స్వయంగా తనిఖీకి వచ్చారు. నేను ఫైలు పట్టుకుని వెనకాల ఉన్నాను. కొట్లో బేరం లేదు. మాలక్ష్మిగారు ఓ మూల చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నారు. ఈమె ఎవరని విశ్వపతిగారు అడిగారు. మా ఇంటావిడండి అన్నారు శెట్టిగారు. ఎన్ని గంటలు పనిచేస్తారని అడిగితే, పొద్దున అయిదింటికి తలుపు తీసేదీ, పప్పులు బాగుచేసేదీ, పొట్లాలు కట్టేదీ ఆవిడేనని చెప్పారు. జీతమెంతని అడిగితే శెట్టిగారు నవ్వారు.

"ఇంటి మనిషికి జీతమేటండి?"

విశ్వపతిగారి ముఖం గంభీరమైంది. సరుకులో శ్రమ ఉంది, ధరలో ఆ శ్రమ లేదు, కాబట్టి ఇది వ్యయ దాపరికం కిందికి వస్తుందన్నారు. ఇరవై నాలుగు గంటల్లో ఆమె శ్రమ విలువను ప్రకటించకపోతే కొట్టుకి సీలు వేస్తామన్నారు. శెట్టిగారు చేతులు జోడించి, ఏదో ఒక అంకె మీరే వేసుకోండన్నారు. నిబంధన ప్రకారం శ్రమించిన వ్యక్తే చెప్పాలన్నారు ఈయన.

మాలక్ష్మిగారు అప్పటిదాకా తల ఎత్తలేదు. చేట పక్కన పెట్టి, రేపు చెప్తానండి అన్నారు.

ఆ సాయంత్రం ఆవిడ కొట్టు వదిలి ఎక్కడికో వెళ్ళారట. ఇరవయ్యారేళ్ళలో పండగ కాని రోజున అలా వెళ్ళడం అదే మొదటిసారని శెట్టిగారు నాతో చెప్పారు. ఆవిడ వెళ్ళింది పప్పు మిల్లుకి. రాళ్ళు ఏరే ఆడవాళ్ళకు అక్కడ రోజుకి మూడువందల యాభై ఇస్తున్నారని కనుక్కుని వచ్చారు.

మర్నాడు మేం వెళ్ళేసరికి చెప్పడానికి సిద్ధంగా నిలబడి ఉన్నారు. మూడువందల యాభై, తలుపు తీయడానికీ పొట్లాలకీ ఏమీ వేసుకోలేదండి అన్నారు. నేను అక్కడే అన్ని సరుకుల మీదా పంచి లెక్క కట్టాను. కందిపప్పు మీద కిలోకి నాలుగు రూపాయలు పడింది. శెట్టిగారు, ఇప్పటికే జాతకాల ఖర్చుతో పప్పు నూట అరవై ఏడైందని, ఇంకో నాలుగు వేస్తే డెబ్బై ఒకటవుతుందని, ఎవరు కొంటారని అడిగారు. మమ్మల్ని కాదు, ఆవిడనే.

మాలక్ష్మిగారు వేళ్ళ మీద లెక్క మరోసారి చూసుకున్నారు.

"అంటే ఇన్నాళ్ళూ కిలోకి నాలుగు రూపాయలు ఊరందరికీ నేనే ఇచ్చానన్నమాట" అన్నారు.

విశ్వపతిగారు ఈ వాక్యాన్ని ఏ పద్దు కింద చూపాలని నన్నడిగారు. నాకు తెలీదన్నాను. ఉద్యోగంలో చేరాక నేను నిజాయితీగా ఇచ్చిన జవాబు బహుశా అదే.

మూడో జాతకం మూరెడు పొడుగుంది. పైడమ్మ వచ్చి చదవమంటే మొత్తం చదివాను. పావుగంట పట్టింది. ఎలుకల దగ్గర తలూపింది. సుహృద్భావం దగ్గర అదేటని అడిగితే నేను దగ్గి దాటేశాను. ఆఖర్న 'భార్య శ్రమ, నాలుగు రూపాయలు' అని చదవగానే మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఆమె నూనె సీసా గట్టు మీద పెట్టి, మాలక్ష్మిగారి వైపు తిరిగింది.

"నా బజ్జీకి కాయితం రాస్తే నన్నూ కట్టాల గదమ్మా. నేనెప్పుడూ నూనె, పిండి, కట్టెలే లెక్కెట్టుకున్నాను" అంది. ఆ రోజు శనగపిండితో పాటు అరకిలో కందిపప్పు కూడా కొంది. బేరమాడలేదు.

కానీ ఒక్క పైడమ్మతో కొట్టు నడవదు. నెలాఖరుకి శెట్టిగారు అద్దె కట్టడానికి మాలక్ష్మిగారి చేతి గాజు తాకట్టు పెట్టారు. కొట్టు మూసేసి కూతురున్న ఊరికి పోదామా అని కూడా అనుకున్నారట. నమూనా దుకాణం మూతపడితే ప్రయోగం విఫలమైనట్టవుతుంది కాబట్టి మూయడానికి అనుమతి లేదని మేం ముందే నోటీసిచ్చి ఉన్నాం.

అప్పుడే రాజధాని నుంచి కమిషనర్‌గారు ప్రయోగ ఫలితాలు చూడడానికి వచ్చారు. మేం కొట్టుకి మామిడి తోరణాలు కట్టాం. ఆయన నివేదిక తిరగేసి, నమూనా దుకాణంలో అన్ని ధరలూ పెరిగాయేమిటన్నారు. విశ్వపతిగారు ముందుకొచ్చి, ధర పెరిగిందనడం స్థూలదృష్టి అనీ, పెరిగింది ధరలో ఇమిడివున్న సమాచారమనీ వివరించారు.

కమిషనర్‌గారు పొద్దున్నుంచీ ప్రయాణంలో ఉన్నారు. ఆకలేసిందేమో, వేలాడుతున్న గెలలోంచి ఒక అరటిపండు ఇమ్మన్నారు. శెట్టిగారు అందించారు. పండు కనిపించడానికి మూడు చుట్లు జాతకం విప్పాల్సొచ్చింది. ధర పన్నెండు రూపాయలు. సందు చివర ఇదే పండు అయిదు రూపాయలని ఆయన డ్రైవరు చెప్పాడు. మిగతా ఏడు ఎవరు తింటున్నారని కమిషనర్‌గారు శెట్టిగారి వైపు తీక్షణంగా చూశారు.

శెట్టిగారు కాగితం చేతికిచ్చి, అందులో ఉందండి, చదువుకోండి అన్నారు. పైఅధికారి ముందు చదవడం మా సారు పని కాబట్టి విశ్వపతిగారే గట్టిగా చదివారు. పత్రం కాగితం, పత్రం పొడిగింపు, ముద్ర రుసుము, తనిఖీ రుసుము, సుహృద్భావ వ్యయం. ఒక్కొక్కటీ చదువుతుంటే ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది. ఏడు రూపాయల్లో ఆరూ యాభై మా విభాగానివే. మిగిలిన అర్ధరూపాయి మాలక్ష్మిగారిది.

కమిషనర్‌గారు పండు తినేసి, తొక్క ఎక్కడ వేయాలో తెలియక నా చేతికిచ్చారు. కారెక్కేముందు, ప్రయోగం సంపూర్ణంగా విజయవంతమైందనీ, కాబట్టి వెంటనే ఆపేయాలనీ ఆదేశించారు. విశ్వపతిగారికి ప్రమోషనిచ్చి కొలతల విభాగానికి పంపారు. జాతకాలు ఊడదీసినందుకు శెట్టిగారి దగ్గర కాగితానికి పావలా చొప్పున తొలగింపు రుసుము వసూలు చేసి, ఫైలు మూసేశాం.

మర్నాడు శెట్టిగారు హుషారుగా పలక తుడిచి, కందిపప్పు నూట అరవై అని రాశారు. మాలక్ష్మిగారు వచ్చి చూసి, నా నాలుగేవీ అన్నారు. ఆ పథకం రద్దయిపోయింది గదా అన్నారు శెట్టిగారు.

ఆవిడ చేట తెచ్చి ఆయన ముందు పెట్టారు. మూట విప్పి పప్పు పోశారు. "రద్దయితే మంచిదే. ఏరండి" అని లోపలికి వెళ్ళిపోయారు.

శెట్టిగారు ఏరడం మొదలుపెట్టారు. నేను టీపొడి కోసం వెళ్ళి అక్కడే ఉన్నాను, ఈసారి డబ్బిచ్చి కొందామని. గంటసేపు ఏరితే రెండు కిలోలయింది. నడుం పట్టేసింది, కళ్ళు నీళ్ళు కారాయి. ఏరినదాంట్లోంచి నేను గుప్పెడు తీసి చూస్తే మూడు రాళ్ళున్నాయి. ఆయన లేచి, పలక మీద సున్నా చెరిపి నాలుగు వేశారు.

జనం అడిగారు. జాతకం తీసేశాక ధర తగ్గాలి గాని పెరగడమేమిటన్నారు. నాలుగు రూపాయలు మా ఆవిడవి అని శెట్టిగారు చెప్పారు. మొదటి రెండు రోజులూ ఆ మాట నెమ్మదిగా, అటూ ఇటూ చూసి చెప్పారు. తరవాత మామూలుగానే చెప్పారు. కొందరు నవ్వారు, కొందరు సందు చివరికి పోయారు. అక్కడ నూట అరవయ్యారు, పైగా రాళ్ళు. వారంలో చాలామంది తిరిగొచ్చారు.

మొదటి నెల జీతంతో మాలక్ష్మిగారు ముందు గాజు విడిపించుకున్నారు. మిగిలినదాంతో కుర్చీ కొనడానికి బజారుకి వెళ్ళారు. ఇన్నేళ్ళూ ఆవిడ బోర్లించిన నూనె డబ్బా మీద కూర్చునే పనిచేశారు. శెట్టిగారు కూడా వెంట వెళ్ళారు. నేను అదే షాపులో స్టూలు బేరమాడుతున్నాను.

షాపువాడు వీపు ఆనుకునే ప్లాస్టిక్ కుర్చీ చూపించి ఏడువందల ఎనభై అన్నాడు. వెనకాల ఒకావిడ తడిగుడ్డతో కుర్చీలన్నీ వరసగా తుడుస్తోంది. మాలక్ష్మిగారు ఆమెను చూసి, మీ ఇంటావిడా అని అడిగారు. అవునన్నాడు. ఈ ఏడువందల ఎనభైలో ఆవిడకెంత అని అడిగారు.

వాడు నవ్వాడు. "ఆవిడకేటండి, ఇంటి మనిషి."

"అయితే ఎనభై తగ్గించు. ఆవిడకిచ్చే రోజున కబురు పెట్టు, తెచ్చి ఆవిడ చేతికే ఇస్తాను" అన్నారు మాలక్ష్మిగారు.

వాడు ఎటూ తేల్చుకోలేక వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ తుడవడం ఆపి వాడి వైపే చూస్తోంది. ఏడువందలకి ఇచ్చేశాడు.

కుర్చీని శెట్టిగారే తలకెత్తుకున్నారు. ఇద్దరూ ఎండలో సందు మలుపు తిరిగేదాకా చూశాను. మోత కూలి సంగతి దారిలో వచ్చిందో లేదో మాత్రం నాకు తెలీదు.